కాలు నొప్పి, వాపు, "రూల్ అవుట్ డీవీటీ": ఈ చార్ట్‌కి కోడ్ ఎలా వేయాలి?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. మీరు రేడియాలజీ చార్ట్‌లకి కొత్తగా మారారు. అమెరికా హాస్పిటల్ అవుట్‌పేషెంట్ చార్ట్ ఒకటి వచ్చింది. ఆర్డర్‌లో "ఎడమ పిక్కలో నొప్పి, వాపు, రూల్ అవుట్ డీవీటీ" అని ఉంది, అంటే కాలి లోపలి సిరలో రక్తపు గడ్డ (డీవీటీ) ఉందో లేదో తేల్చమని. వీనస్ డాప్లర్, అంటే సిరల్లో రక్త ప్రవాహం చూసే అల్ట్రాసౌండ్, చేశారు. రిపోర్ట్ చివర ముగింపు చెప్పే ఇంప్రెషన్‌లో రెండే లైన్లు: ఎడమ కాలిలో డీవీటీ లేదు, ఎడమ మోకాలి వెనక 3.2 సెంటీమీటర్ల బేకర్ సిస్ట్ (ద్రవం నిండిన తిత్తి) ఉంది. మీరు జబ్బుకి ఐసీడీ కోడ్ ఐ82.402 (ఎడమ కాలి డీవీటీ), చేసిన పరీక్షకి సీపీటీ కోడ్ 93970 (రెండు వైపులా సిరల స్టడీ) వేశారు. ఆడిటర్ రెండిటినీ ఎర్రర్ కింద కొట్టేశారు. "డాక్టర్ డీవీటీ అనుమానించే కదా టెస్ట్ రాశారు, పైగా రిపోర్ట్‌లో కుడి కాలి సిర గురించి కూడా ఉంది కదా" అన్నది మీ వాదన. వాపుకి కోడ్ పుస్తకం ఇండెక్స్‌లో ఇన్ని కోడ్‌లు కనిపిస్తున్నాయి, ఏది వేయాలి అని కూడా అడిగారు.

ఆడిటర్ చెప్పింది రెండు విషయాల్లోనూ కరెక్టే. ఈ చార్ట్‌కి నేనైతే 93971-ఎల్‌టీ (ఒకవైపు స్టడీ, ఎల్‌టీ అంటే ఎడమ), ఎం71.22 (ఎడమ మోకాలి బేకర్ సిస్ట్) ఇస్తాను. రేడియాలజిస్ట్ తరఫున ప్రొఫెషనల్ ఫీ కోడ్ చేస్తున్నట్టయితే కోడ్ పక్కన చేర్చే మోడిఫయర్ 26 (డాక్టర్ చదివి రిపోర్ట్ ఇచ్చిన భాగానికి) ముందు వస్తుంది, ఎల్‌టీ తర్వాత. ఇక ఎందుకో చూద్దాం.

"రూల్ అవుట్ డీవీటీ" అన్నది ట్రీటింగ్ డాక్టర్ రేడియాలజిస్ట్‌ని అడిగిన ప్రశ్న. రిపోర్ట్ దానికి జవాబు. జవాబు చేతిలో ఉండగా ప్రశ్నకి కోడ్ వేస్తే ఎలా? ఐసీడీ-10-సీఎం అఫీషియల్ గైడ్‌లైన్స్‌లో నాలుగో సెక్షన్ తీసి హెచ్, కె అనే రెండు పాయింట్లు చదవండి. హెచ్ ఏమంటుందంటే, అవుట్‌పేషెంట్‌లో ప్రాబబుల్, సస్పెక్టెడ్, క్వశ్చనబుల్, రూల్ అవుట్, కంపాటిబుల్ విత్, కన్సిస్టెంట్ విత్, వర్కింగ్ డయాగ్నోసిస్ లాంటి మాటలతో రాసిన జబ్బుని కోడ్ చేయొద్దు. ఎంతవరకు ఖాయంగా తెలిసిందో అంతవరకే చేయండి అని. కె పాయింట్ అచ్చంగా మన పని గురించే: టెస్ట్‌ని ఫిజీషియన్ చదివి, మీరు కోడ్ చేసే సమయానికి ఫైనల్ రిపోర్ట్ వచ్చి ఉంటే, అందులో ఖాయమైన డయాగ్నోసిస్‌ని కోడ్ చేయాలి. దానికి సంబంధించిన లక్షణాలని మళ్లీ అదనంగా వేయకూడదు.

ఇది మార్కులు పోయే ఎర్రర్ అని మాత్రమే అనుకోకండి. మీరు ఐ82.402 వేసి క్లెయిమ్ వెళ్లిపోతే, లేని రక్తపు గడ్డ ఆ పేషెంట్ క్లెయిమ్ హిస్టరీలో చేరిపోతుంది. టెస్ట్ చేసి "గడ్డ లేదు" అని తేల్చిన మనిషికి గడ్డ ఉన్నట్టు మనమే రాసిపెట్టినవాళ్లమవుతాం.

ఇన్‌పేషెంట్ ఫెసిలిటీ కోడింగ్ నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ ఎక్కువ తికమక ఉంటుంది. అక్కడ డిశ్చార్జ్ నాటికి "ప్రాబబుల్" అని మిగిలిన జబ్బుని ఉన్నట్టే కోడ్ చేస్తారు, పైగా రేడియాలజీ రిపోర్ట్‌లో కనిపించినదాన్ని అటెండింగ్ డాక్టర్ రాయకపోతే వేయరు. అవుట్‌పేషెంట్‌లో రెండూ తిరగబడతాయి: అనుమానానికి కోడ్ లేదు, రేడియాలజిస్ట్ ఖాయం చేసినదానికి ఉంది. రేడియాలజిస్ట్ ప్రొఫెషనల్ ఫీకి పేషెంట్ వార్డులో అడ్మిట్ అయి ఉన్నా ఈ అవుట్‌పేషెంట్ నియమాలే వర్తిస్తాయి. ప్లేస్ ఆఫ్ సర్వీస్ 21 (ఇన్‌పేషెంట్ హాస్పిటల్) చూసి పాత అలవాటులోకి జారిపోకండి.

కాబట్టి డయాగ్నోసిస్ కోసం రిపోర్ట్‌ని వెనక నుంచి ముందుకి చదవండి. ముందు ఇంప్రెషన్. అక్కడ ఖాయమైనది ఉంటే, అది ఆర్డర్‌లో అడిగిన బాధని వివరిస్తుందా అని చూడండి. వివరిస్తే పని అయిపోయింది. ఇంప్రెషన్‌లో ఏమీ లేకపోతే ఫైండింగ్స్ చదవండి. అక్కడ కూడా అంతా నార్మల్ అయితే అప్పుడు ఇండికేషన్‌కి (టెస్ట్ ఎందుకో రాసిన చోటుకి) వెళ్లి, నొప్పి, వాపు లాంటి లక్షణాలని కోడ్ చేయండి. కొత్తవాళ్లు దాదాపు అందరూ పైనుంచి కిందికి చదువుతారు. ఇండికేషన్‌లో డీవీటీ కనపడగానే ఎన్‌కోడర్‌లో (కోడ్‌లు వెతికే సాఫ్ట్‌వేర్‌లో) టైప్ చేసేస్తారు, తర్వాత రిపోర్ట్ చదివేది ఆ కోడ్‌ని సమర్థించుకోడానికే.

ఇప్పుడు బేకర్ సిస్ట్ సంగతి. ఇది ఖాయమైన ఫైండింగ్, అందులో వాదన లేదు. ఎడమ మోకాలి వెనక ఉండే పాప్లిటియల్ సిస్ట్‌కి ఎం71.22, కుడికి ఎం71.21. వాదన వచ్చేది ఇది ఫస్ట్ లిస్టెడ్ అవ్వాలా, సెకండరీ అవ్వాలా అన్నదాని మీద. ఇన్సిడెంటల్ ఫైండింగ్, అంటే దేనికోసమో వెతుకుతుంటే పక్కన కనపడినది, ఎప్పుడూ ఫస్ట్ రాకూడదు. మరి ఇది ఇన్సిడెంటలా? మోకాలి వెనక సిస్ట్ పిక్కలో నొప్పికి, వాపుకి బాగా తెలిసిన కారణం. డీవీటీ అనుకుని పంపిన పేషెంట్లలో ఇది బయటపడటం మామూలే. రేడియాలజిస్ట్ దాన్ని ఇంప్రెషన్‌లోకి ఎక్కించారు, ఇన్సిడెంటల్ అని ఎక్కడా అనలేదు. అందుకే నేను ఎం71.22 ముందు పెడతాను, నొప్పి, వాపు కోడ్‌లు వేయను. రేడియాలజిస్ట్ "ఇన్సిడెంటల్" అని రాసి ఉంటే మాత్రం లక్షణాలు ముందు, సిస్ట్ తర్వాత. కొన్ని క్లయింట్‌లు తమ గైడ్‌లైన్స్‌లో "కారణం అని రిపోర్ట్‌లో స్పష్టంగా లేకపోతే లక్షణమే ఫస్ట్" అని రాసుకుంటారు. మీ ప్రాజెక్ట్‌లో అలా ఉంటే అదే పాటించండి, అది తప్పు పద్ధతి కాదు. మీ క్లయింట్ డాక్యుమెంట్ నేను చూడలేదు కాబట్టి ఈ ఒక్క విషయం మీ టీం లీడ్‌తో ఖాయం చేసుకోండి.

ఇదే చార్ట్‌లో ఇంకో లైన్ ఉందనుకుందాం: "సిస్ట్ కింద పిక్కలోకి ద్రవం పాకింది, సజెస్టివ్ ఆఫ్ రప్చర్." పగిలిన బేకర్ సిస్ట్‌కి విడిగా ఎం66.0 ఉంది, దానికి కుడి ఎడమల తేడా లేదు. ఎం71.2 కింద దాన్ని ఎక్స్‌క్లూడ్స్ 1లో పెట్టారు, అంటే రెండూ కలిపి వేయకూడదు. మరి ఏది? "సజెస్టివ్ ఆఫ్" అనుమానపు మాట. పగిలిందని ఖాయం కాలేదు, సిస్ట్ ఉందని ఖాయమైంది. కాబట్టి ఎం71.22 దగ్గరే ఆగాలి. "రప్చర్డ్ బేకర్ సిస్ట్" అని సూటిగా రాస్తే ఎం66.0. ఇక "ఎవిడెన్స్ ఆఫ్" అన్న మాటని చూసి చాలామంది భయపడతారు కానీ అది అనుమానం కింద రాదు. "ఎవిడెన్స్ ఆఫ్ అక్యూట్ డీవీటీ" అంటే డీవీటీ ఉన్నట్టే. "నో ఎవిడెన్స్ ఆఫ్" అయితే లేనట్టే, టెన్షన్ పడక్కర్లేదు.

సిస్ట్ కూడా లేకుండా రిపోర్ట్ అంతా నార్మల్ అయి ఉంటే మీకు ఎం79.662 (ఎడమ మోకాలి కింద నొప్పి), ఎం79.89 (వాపు) వచ్చేవి. మీరు వాపు కోడ్‌ల గురించి అడిగిన ప్రశ్న అప్పుడు అవసరమవుతుంది. వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్క మాట మీద రోజూ గొడవలే.

వాపుకి మనకి ఎదురయ్యేవి నాలుగు దారులు. ఆర్డర్‌లో "లెగ్ స్వెల్లింగ్", "కాఫ్ స్వెల్లింగ్", "ఆర్మ్ స్వెల్లింగ్" అని మామూలుగా ఉంటే ఇండెక్స్‌లో స్వెల్లింగ్ కింద చూడండి, ఎం79.89కి తీసుకెళ్తుంది. ఈ కోడ్‌కి కుడి ఎడమలు లేవు, కాబట్టి రెండు కాళ్లూ వాచినా ఒక్కసారే. "ఎడీమా" (నీరు చేరిన వాపు) అని రాస్తే కాళ్లకి ఆర్60.0, రెండు కాళ్లకైనా అదే. ఒళ్లంతా అయితే ఆర్60.1. వాచింది కీలు అయితే, ఉదాహరణకి మోకాలు, చీలమండ, దారి వేరు: కీలు వాపుని ఇండెక్స్ ఎఫ్యూజన్ (కీలులో నీరు చేరడం) వైపు పంపుతుంది. కుడి మోకాలికి ఎం25.461, ఎడమకి ఎం25.462, కుడి చీలమండకి ఎం25.471, ఎడమకి ఎం25.472. నాలుగోది ఆర్22.4-. ఇది చర్మం కింద ఒకచోట తేలిన గడ్డ, ముద్ద, లోకలైజ్డ్ స్వెల్లింగ్ అన్నప్పుడు: కుడి కాలికి ఆర్22.41, ఎడమకి ఆర్22.42, రెండిటికీ ఆర్22.43. చేతులకి ఇదే వరసలో ఆర్22.3-.

చాలామంది ఆర్22.42 ఎందుకు ఎంచుకుంటారంటే దానికి లాటరాలిటీ (కుడి ఎడమల తేడా) ఉంది, ఎం79.89కి లేదు, ఎక్కువ స్పెసిఫిక్‌గా కనిపిస్తుంది. కనిపించడం వేరు, కావడం వేరు. కాలంతా ఉబ్బిందని రాసినప్పుడు గడ్డ కోడ్ వేస్తే అది స్పెసిఫిక్ కాదు, తప్పు జబ్బు. ఆర్22 కింద ట్యాబులర్‌లో (కోడ్‌ల వరస జాబితాలో) ఎక్స్‌క్లూడ్స్ 1 నోట్ చూడండి: ఎడీమా, కీలు వాపు రెండూ అందులో ఉన్నాయి. ఎన్‌కోడర్‌లో సెర్చ్ చేసి మొదట వచ్చినదాన్ని నొక్కేవాళ్లకి ఈ నోట్ కనపడదు. ఆర్డర్‌లో "ఎడీమా అండ్ స్వెల్లింగ్" అని రెండు మాటలూ ఉంటే రెండు కోడ్‌లు వేసి ఒకే విషయాన్ని రెండుసార్లు చెప్పక్కర్లేదు, నేనైతే ఆర్60.0 ఒక్కటే ఇస్తాను.

నొప్పి విషయంలో తేలిక నియమం ఒకటే: రాసినంత దగ్గరికి వెళ్లండి, అంతకంటే దగ్గరికి వెళ్లకండి. "లెగ్ పెయిన్" అని మాత్రమే ఉంటే కుడికి ఎం79.604, ఎడమకి ఎం79.605. "కాఫ్" లేదా "షిన్" అంటే మోకాలి కింది భాగం, ఎం79.661, ఎం79.662. తొడ ఎం79.651, ఎం79.652. పాదం ఎం79.671, ఎం79.672. కాలివేళ్లు ఎం79.674, ఎం79.675. రెండు కాళ్లూ నొప్పి అంటే ఎం79.606 కాదు, అది ఏ కాలో తెలియనప్పుడు వాడేది. ఈ వరసలో బైలేటరల్ కోడ్ లేదు కాబట్టి ఎం79.604, ఎం79.605 రెండూ వేయాలి. మోకాలు, చీలమండ లాంటి కీళ్ల నొప్పి మాత్రం ఎం25.5-లో ఉంటుంది: ఎం25.561, ఎం25.562 మోకాళ్లకి. ఎం25.571 పేరు జాగ్రత్తగా చదవండి, అది "కుడి చీలమండ, కుడి పాదం కీళ్ల నొప్పి". ఉత్త "ఫుట్ పెయిన్"కి అది రాదు, ఎం79.671 వస్తుంది.

ఆర్డర్‌లో లక్షణం ఏదీ రాయకుండా "రూల్ అవుట్ డీవీటీ" అని మూడు మాటలే ఉండి, రిపోర్ట్ నార్మల్ వస్తే? ఇలాంటివి ఎమర్జెన్సీ రూం నుంచి బోలెడు వస్తాయి. టెస్ట్ రాసిన డాక్టర్ దానికి కారణం ఇవ్వాలని అమెరికాలో 1997 నాటి బాలెన్స్‌డ్ బడ్జెట్ యాక్ట్ నుంచే ఉంది. మీకు యాక్సెస్ ఉంటే ఆ విజిట్ నోట్, రిక్విజిషన్ చూడండి, అక్కడ "లెఫ్ట్ లెగ్ స్వెల్లింగ్ ఫర్ 2 డేస్" లాంటిది దొరుకుతుంది. దొరక్కపోతే హోల్డ్‌లో పెట్టి క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పంపండి. డీవీటీకి నొప్పి, వాపు ఉంటాయి కదా అని మనమే ఊహించి వేయడం కోడింగ్ కాదు.

సిరలో రక్తపు గడ్డ నిజంగా ఉన్నప్పుడు కూడా కొన్ని గుంటలున్నాయి. అన్నిటికంటే పెద్దది "సూపర్‌ఫిషియల్ ఫెమొరల్ వెయిన్". పేరులో సూపర్‌ఫిషియల్ ఉందని ఐ82.81- (పైపై సిరల్లో గడ్డ) వేసేస్తారు. అది డీప్ వెయినే. ఇప్పుడు ఆ సిరని ఫెమొరల్ వెయిన్ అనే అంటున్నారు, కానీ పాత టెంప్లేట్‌లలో పాత పేరు ఇంకా వస్తూనే ఉంటుంది. అక్కడ గడ్డ ఉంటే కుడికి ఐ82.411, ఎడమకి ఐ82.412. నిజమైన సూపర్‌ఫిషియల్ అంటే సెఫినస్ సిరలు. పాప్లిటియల్‌లో ఉంటే ఐ82.431, ఐ82.432. రిపోర్ట్ ఫెమొరల్, పాప్లిటియల్ రెండిట్లోనూ గడ్డ ఉందంటే రెండు కోడ్‌లూ ఇవ్వాలి, ఐ82.40-ని "కాలిలో ఎక్కడో" అన్నంత అస్పష్టంగా ఉన్నప్పటికే ఉంచండి. సోలియస్, గ్యాస్ట్రాక్‌నీమియస్ సిరలకి 2019 అక్టోబర్ 1 నుంచి విడిగా ఐ82.46- వచ్చింది, వాటిని టిబియల్‌లో కలపకండి. నాన్ ఆక్లూజివ్ (సిరని పూర్తిగా మూయనిది) అన్నా అది గడ్డే. అక్యూట్ అని రాయకుండా ఉత్త డీవీటీ అంటే ఇండెక్స్ అక్యూట్ వైపే పంపుతుంది. "క్రానిక్" అని ఉంటే ఐ82.5-. పాతది పూర్తిగా తగ్గిపోయి, ఇప్పుడు ఏమీ లేదంటే జెడ్86.718.

ఇక సీపీటీ. మీ 93970 ఎర్రర్ చాలా సహజమైనది, ఎందుకంటే రిపోర్టే అలా తోవ తప్పిస్తుంది. మీరు కాపీ చేసిన ఫైండింగ్స్‌లో చివరి లైన్ ఇది: "కుడి కామన్ ఫెమొరల్ వెయిన్‌లో ఫ్లో నార్మల్, పోలిక కోసం చూశాం." ఒక కాలు డాప్లర్ చేసినప్పుడు అవతలి కాలి కామన్ ఫెమొరల్‌లో వేవ్‌ఫాం (రక్త ప్రవాహపు గ్రాఫ్) తీసుకోవడం ల్యాబ్‌ల ప్రోటోకాల్‌లోనే ఉంటుంది. రెండు వైపులా ఫ్లో ఒకేలా ఉందా అని చూడటానికి అది. ఒక్క చోట ఒక్క వేవ్‌ఫాం తీసినంత మాత్రాన కుడి కాలు పరీక్ష అయిపోయినట్టు కాదు. 93970 అంటే రెండు వైపులా కంప్లీట్ స్టడీ, కంప్రెషన్, ఇతర మాన్యువర్‌లతో సహా. 93971 అంటే ఒకవైపు లేదా లిమిటెడ్. "లేదా లిమిటెడ్" అన్న మాట గుర్తుంచుకోండి: రెండు కాళ్లూ చూసినా లిమిటెడ్‌గానే చూస్తే 93971 ఒక్కసారే, దానికి 50 మోడిఫయర్ (రెండు వైపులా అని చెప్పేది) తగిలించకూడదు. ఈ రెండు కోడ్‌లూ "ఎక్స్‌ట్రీమిటీ వెయిన్స్" అంటాయి కాబట్టి చేతులకీ ఇవే. పిక్ లైన్ (చేతి సిరలోంచి పెట్టే సన్నని గొట్టం) పెట్టిన చెయ్యి వాచిందని పంపే ఆర్డర్‌లు ఎక్కువ వస్తాయి, అక్కడ కూడా 93971. ఒకే రోజు చెయ్యి, కాలు రెండూ విడివిడి ఆర్డర్‌లతో చేస్తేనే 59 లేదా ఎక్స్‌ఎస్ (విడి పరీక్ష అని చెప్పే మోడిఫయర్‌లు) గురించి ఆలోచించండి.

93970, 93971 లాంటి డూప్లెక్స్ కోడ్ వేయాలంటే రిపోర్ట్‌లో మూడు కనపడాలి: గ్రే స్కేల్ బొమ్మ, కలర్ ఫ్లో, స్పెక్ట్రల్ డాప్లర్. హెడ్డింగ్‌లో "వీనస్ డూప్లెక్స్" అని పెద్దక్షరాల్లో ఉండి, లోపల కంప్రెషన్ గురించి తప్ప ఇంకేమీ లేకపోతే క్వెరీ పెట్టడమే మంచిది. హెడ్డింగ్ ఆర్డర్ సిస్టంలోంచి దానంతటదే వచ్చి పడుతుంది. ఏం చేశారన్నది తెలిసేది టెక్నిక్, ఫైండింగ్స్‌లోనే. బైలేటరల్ అని ఆర్డర్ ఉండి ఎడమ కాలే చేస్తే చేసినంతకే కోడ్. ఎడమకే ఆర్డర్ ఉండి టెక్నీషియన్ రెండు కాళ్లూ పూర్తిగా చేసేస్తే, కుడి కాలికి ఆర్డర్ లేదు. బైలేటరల్ బిల్ చేయడానికి ముందు ట్రీటింగ్ డాక్టర్ ఆర్డర్ కావాలి.

బేకర్ సిస్ట్ కూడా చూశారు కదా, 76882 (రక్తనాళాలు కాని భాగాల లిమిటెడ్ అల్ట్రాసౌండ్) కలపొచ్చా అని కొందరు అడుగుతుంటారు. సిరల పరీక్ష చేస్తూ పక్కన సిస్ట్ కనపడితే కలపకూడదు. కీలునో, కండనో విడిగా పరీక్షించమని ఆర్డర్ ఉండి, దాని బొమ్మలు, దాని ఫైండింగ్స్ విడిగా ఉంటేనే ఆ ఆలోచన. 76882 అసలు చోటు వేరు: తొడ మీద గడ్డ ఉంది, చూడండి అన్నప్పుడు. అలాంటి చార్ట్‌లో ఇంప్రెషన్ "లైక్లీ లైపోమా" (బహుశా కొవ్వు గడ్డ) అంటే లైపోమా కోడ్ రాదు, కుడి కాలైతే ఆర్22.41. "లైపోమా" అని ఖాయంగా చెప్తే డీ17.23. కీలు మొత్తం, చుట్టూ ఉన్న టెండన్లు, కండరాలు, మెత్తటి భాగాలన్నీ చూసి రాస్తే 76881.

మీరు రేడియాలజీకి కొత్త కాబట్టి కాలి ఎక్స్‌రేల గురించి కూడా చెప్తాను. వీటిలో చిక్కులు తక్కువ, వ్యూస్ (ఎన్ని కోణాల్లో తీశారో) లెక్కపెట్టడమే. మోకాలికి 1 లేదా 2 వ్యూస్ 73560, 3 అయితే 73562, 4 లేదా ఎక్కువైతే 73564. చీలమండకి 2 అయితే 73600, 3 నుంచి 73610. పాదానికి 73620, 73630 అదే పద్ధతిలో. మోకాలి కింద ఎముకలకి 73590, 2 వ్యూస్. హెడ్డింగ్ "నీ కంప్లీట్ 4 వ్యూస్" అని, టెక్నిక్‌లో "ఏపీ, లేటరల్, సన్‌రైజ్" అని ఉంటే అవి మూడే, 73562. దెబ్బ తగిలాక తీసిన ఎక్స్‌రే అయితే ఇండికేషన్‌లో "ఇంజురీ" అన్న మాట ఉందో లేదో చూడండి. "కుడి చీలమండ ఇంజురీ, నొప్పి, వాపు" అని ఉండి ఫ్రాక్చర్ లేదంటే ఎస్99.911ఎ వేయొచ్చు. ఉత్త నొప్పి అంటే ఎం25.571. ఫ్రాక్చర్ ఉన్నప్పుడు చివరి అక్షరం ఎ అన్నది మొదటి ఎక్స్‌రే అని కాదు, ఇంకా యాక్టివ్ ట్రీట్‌మెంట్ దశలో ఉన్నారని. మానుతోందా అని చూడటానికి తీసినదానికి, మామూలుగా మానుతున్న క్లోజ్డ్ ఫ్రాక్చర్ అయితే డీ.

ఎంఆర్‌ఐ గురించి ఒక్క మాట: కాలికి రెండు కుటుంబాలున్నాయి. కీలు అయితే 73721 నుంచి 73723, కీలు కానిదైతే 73718 నుంచి 73720. వరసగా కాంట్రాస్ట్ లేకుండా, కాంట్రాస్ట్‌తో, రెండూ. పాదంలో ఎముకకి ఇన్‌ఫెక్షన్ ఉందేమో అని పంపినది, చీలమండ కీలు కోసం పంపినది ఒకటి కావు, ఏ భాగాన్ని స్కాన్ చేశారో టెక్నిక్‌లో చదివే వేయండి.

డబ్బు వైపు నుంచి వచ్చే ఒత్తిడి గురించి కూడా చెప్పాలి. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) కాంట్రాక్టర్లకి ఈ రక్తనాళాల పరీక్షల మీద ఎల్‌సీడీలు (స్థానిక కవరేజ్ నియమాలు) ఉంటాయి, ఏ డయాగ్నోసిస్‌కి కవర్ చేస్తారో వాటి జాబితాలు ఉంటాయి, ఒక్కో కాంట్రాక్టర్‌వి ఒక్కోలా. మీరు వేసిన కోడ్ జాబితాలో లేకపోతే ఎడిట్ (సాఫ్ట్‌వేర్ హెచ్చరిక) వస్తుంది. అప్పుడు "ఆర్60.0 వేస్తే పాస్ అవుతుంది" అని పక్క సీటు నుంచి సలహా వస్తుంది. ఆర్డర్‌లో ఎడీమా అన్న మాట లేకపోతే అది వేయకండి. జాబితా చూసి కోడ్ ఎంచుకోవడం అంటే రికార్డ్ మార్చడమే, ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కిందకి వచ్చే వ్యవహారం. వేరే లక్షణం నోట్‌లో నిజంగా ఉండి మీరు వదిలేశారేమో చూడండి, లేకపోతే ఎడిట్‌ని అలాగే బిల్లింగ్ టీంకి పంపండి. కోడ్‌లు వెతికేటప్పుడు డేట్ ఆఫ్ సర్వీస్ కూడా చూసుకోండి: ఐసీడీ కోడ్‌లు ప్రధానంగా అక్టోబర్ 1న మారతాయి, సీపీటీ జనవరి 1న. పాత తేదీ చార్ట్‌కి ఆ రోజు నడుస్తున్న కోడ్‌లే.

ఇక రీబటల్, అంటే ఆడిటర్ ఎర్రర్‌కి అభ్యంతరం చెప్పడం, సంగతి. 93970 మీద, ఐ82.402 మీద రీబటల్ వేయకండి, నిలబడదు. ఆడిటర్ షీట్‌లో సరైన డయాగ్నోసిస్ ఏమని రాశారో చూడండి. ఎం71.22 అని ఉంటే ఒప్పుకుని ముందుకెళ్లండి. ఎం79.662, ఎం79.89 ముందు పెట్టి సిస్ట్‌ని సెకండరీ చేసి ఉంటే, క్లయింట్ గైడ్‌లైన్‌లో ఆ నియమం ఏ పేజీలో ఉందో మర్యాదగా అడగండి. నియమం ఉంటే మీకు ఒక కొత్త విషయం తెలిసినట్టు. లేకపోతే నాలుగో సెక్షన్ కె పాయింట్‌ని, ఇంప్రెషన్ రెండో లైన్‌ని పక్కపక్కన పెట్టి పంపండి. ఆ ఒక్క భాగం మీద మీ రీబటల్ నిలబడే అవకాశం బాగానే ఉంది.